కచేరీ కబుర్లు: రాజపూజ్యం యెంత, అవమానం యెంత?

ఉగాది నాడు పంచాంగ శ్రవణానికి కూర్చున్నవాళ్లను యెప్పుడైనా గమనించారా? శాస్త్రిగారు నవనాయకుల ఫలాలు చదువుతున్నంతసేపూ ఒకరు జేబులోంచి ఫోను తీసి చూసుకుంటారు. ఇంకొకరు పచ్చడిలో వేపపువ్వు తగ్గిందని పక్కవారితో అంటారు. రాశులు మొదలుపెట్టారో లేదో హాలంతా సద్దుమణుగుతుంది. ఆదాయం యెంత, వ్యయం యెంత, రాజపూజ్యం యెంత, అవమానం యెంత? తమ రాశికి ఆ నాలుగంకెలూ చెవిన పడ్డాయంటే చాలు, సగంమంది లేచి పులిహోర వైపు నడుస్తారు.

ఆ అంకెల మీద నాకు నమ్మకం వుందా లేదా అన్నది వేరే సంగతి. ఆ పద్దులు యేర్పరచిన పెద్దల లోకజ్ఞానం మీద మటుకు గొప్ప గౌరవం వుంది. ఆదాయం చెప్పి వూరుకోలేదు వారు, పక్కనే వ్యయం వేశారు. రాజపూజ్యం అని వూరించి వదిలెయ్యలేదు, దాని పక్కన అవమానం యెంతో కూడా చెప్పారు. నేటి కంపెనీలు యిచ్చే ఆర్డరు కాగితంలో జీతమూ, హోదా మాత్రమే వుంటాయి. అంటే నాలుగు పద్దుల్లో రెండు. మిగిలిన రెండూ వుద్యోగి తనంతట తాను వెతికి రాసుకోవలసిందే.

ఇప్పుడీ పంచాంగం యెందుకు తీశానంటే, మన పత్రిక చదివే ఒక అమ్మగారు నాకో పెద్ద వుత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు, వెయ్యను. మూడు తరాలుగా మహదేవపురలో వుంటున్న కుటుంబం. వారి వుత్తరంలో ముఖ్యమైన ముక్క యిది:

“బాబూ, మీరూ మావాడి యీడువారే అయివుంటారు. వాడు పెద్ద విదేశీ కంపెనీలో మేనేజరు. ఇప్పుడు వాడి ముందు రెండు కుర్చీలు వేశారట. ఒకటి డైరెక్టరు పని. కింద రెండువందలమంది వుంటారు, యెన్నో యేళ్లుగా నడుస్తున్న పాత సరుకును చూసుకోవాలి. రెండోది కొత్త పని. హోదా పెరగదు, తొమ్మిదిమందే వుంటారు, అది నిలుస్తుందో లేదో కూడా తెలియదట. మావారేమో ‘రెండువందలమంది మీద పెత్తనం నడిచొస్తుంటే ఆలోచన యేమిట్రా?’ అంటారు. కోడలు కూడా వుద్యోగస్తురాలే. ‘ఏది తీసుకున్నా సరే, రాత్రి యెన్నింటికి భోజనానికి లేస్తారో అది చెప్పండి’ అంటుంది. వాడు నోరు విప్పడు. రాత్రి పదకొండింటికి మేడ మీద పచార్లు చేస్తుంటాడు. కచేరీల సంగతులు రాస్తుంటారు గదా, యేది మంచిదో కాస్త రాయండి.”

ఇంత సూటిగా అడిగినవారికి డొంకతిరుగుడుగా చెప్పడం న్యాయం కాదు. కాని ముందు లెక్క, తర్వాత జవాబు.

మొదట ఆ తండ్రిగారి మాట. దాన్ని తీసిపారెయ్యడానికి వీల్లేదు. ఆయన దూరవాణినగర్ ఐ.టి.ఐ.లో చేసి రిటైరయ్యారట. 1940లో విమానాల ఫ్యాక్టరీ, 1948లో ఐ.టి.ఐ., 1953లో గడియారాలు తర్వాత చేసిన హెచ్.ఎం.టి., 1954లో బి.ఇ.ఎల్. వచ్చాయి. మన కుటుంబాల్లో చాలా వాటికి యీ వూళ్లో పొయ్యి వెలిగింది ఆ సైరన్ల పుణ్యాన్నే. అక్కడ పెత్తనానికి ఒక చిరునామా వుండేది. జనరల్ మేనేజరు గది యెక్కడో అందరికీ తెలుసు. సీనియారిటీ జాబితా గోడకి అంటించి వుండేది. ఎవరి కింద యెంతమంది అన్నది మనిషి బరువుకి సరైన తూకమే. విధానసౌధ నుదుట ‘సర్కారద కెలస దేవర కెలస’ అని చెక్కి వుంది గదా, దేవుడి పని కనుక కాబోలు, మెట్లు కూడా గుడిమెట్లలాగే వుండేవి. తొందరపడ్డా ఒకటే, పడకపోయినా ఒకటే, వరస వచ్చినప్పుడు పైకి వెళ్లేవాళ్లు.

ఇప్పుడు టిన్ ఫ్యాక్టరీ దాటి వైట్‌ఫీల్డు దాకా ఒకసారి మెట్రో యెక్కి చూడండి. 2023లో ఆ దారి పూర్తయింది కనుక మెడ నొప్పి పుట్టకుండా చూడొచ్చు. సింగయ్యనపాళ్య, గరుడాచార్‌పాళ్య, హూడి, కుందలహళ్లి. పేర్లన్నీ పాత పల్లెలవే, మేడలన్నీ అద్దాలవి. భారతదేశమూ సింగపూరూ కలిసి 1994లో అనుకున్న టెక్ పార్కు వచ్చిన తర్వాత ఒకదాని వెనుక ఒకటిగా లేచినవే చాలా భాగం. ఇందులో ఒక్కొక్క మేడలో వేలమంది పనిచేస్తారు. కాని వాళ్ల పనికి సంబంధించిన పెద్ద నిర్ణయాలు యెక్కడ జరుగుతాయి? చాలావాటికి సముద్రం అవతల. అక్కడ తెల్లవారేసరికి మనకి రాత్రి భోజనాల వేళ. అందుకే మన పిల్లలు కంచం ముందు పెట్టుకుని, చెవిలో తీగ పెట్టుకుని “యెస్, యెస్” అంటుంటారు. మనుషులు యిక్కడ, మాట అక్కడ. ఇలాంటి చోట ‘నా కింద యెంతమంది?’ అనే పాత తూకం పనిచెయ్యదు. ‘నా దగ్గర యేది తేలుతుంది?’ అని అడగాలి.

ఈ ఒక్క సంగతి మేనేజరుకంటే గుమాస్తాకే బాగా తెలుసు. బల్ల యెంత వెడల్పో మేం చూడం. ఫైలు యే బల్ల మీద ఆగుతుందో చూస్తాం. ఏ సంతకం పడితే కాగితం కదులుతుందో, యే సంతకం వుత్త అలంకారమో మాకు మూడు నెలల్లో తెలిసిపోతుంది. పెద్ద గదీ, తలుపు మీద పేరూ, బయట యిద్దరు నౌకర్లూ వుండి, తన కిందివాడికి నాలుగురోజుల సెలవివ్వడానికి పైవాణ్ణి అడగవలసిన దొరలున్నారు. మూల బల్ల దగ్గర కూర్చుని, “ఈ లెక్క సరిగా లేదు, పంపను” అంటే యెవరూ మారుమాట్లాడలేని పెద్దమనుషులూ వున్నారు.

పైగా తలల లెక్క యిప్పుడు కవచం కూడా కాదు. 2024 సెప్టెంబరులో అమెజాన్ అధిపతి ఆండీ జస్సీ తన వుద్యోగులకి ఒక వుత్తరం రాశారు. మేనేజర్లతో పోల్చితే స్వయంగా పనిచేసేవారి నిష్పత్తి 2025 మార్చి ఆఖరుకల్లా కనీసం నూటికి 15 వంతులు పెరగాలని అందులో వుంది. మామూలు భాషలో చెప్పాలంటే, అజమాయిషీ చేసేవాళ్లు యెక్కువయ్యారు, తగ్గించండి అని. 2025లో మైక్రోసాఫ్టు మే నెలలో సుమారు 6,000 మందినీ, జూలైలో సుమారు 9,000 మందినీ తీసివేసినప్పుడు కూడా మధ్య మెట్లు తగ్గించడమన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. రెండువందలమంది కింద వున్నారు కనుక భద్రం అనుకోవడం, యింట్లో దూలాలు యెక్కువ వున్నాయి కనుక వాన కురవదనుకోవడం లాంటిది.

ఇక మనవాళ్లలోనే ఒకరి లెక్క చూద్దాం. సత్య నాదెళ్ల పేరు తెలియని తెలుగిల్లు లేదు. కాని ‘మనవాడు పెద్ద కుర్చీ యెక్కాడు’ అని చప్పట్లు కొట్టి వూరుకున్నాం తప్ప, దారిలో యే మలుపు దగ్గర యేది వదిలి యేది తీసుకున్నారో చూసినవాళ్లు తక్కువ. నాలుగు పద్దులకీ అక్కడ వుదాహరణలున్నాయి.

తండ్రి యుగంధర్‌గారిది అనంతపురం జిల్లా బుక్కాపురం. 1962లో ఐ.ఏ.ఎస్.లో చేరి, గ్రామీణాభివృద్ధి పనుల్లో పేరు తెచ్చుకుని, తర్వాత ప్రణాళికా సంఘంలో సభ్యులుగా కూడా పనిచేశారు. తల్లి సంస్కృతం పాఠం చెప్పేవారు. కుర్రవాడి గదిలో తండ్రి కార్ల్ మార్క్స్ పటం తగిలిస్తే, తల్లి లక్ష్మీదేవి పటం తగిలించారట. కుర్రవాడికి కావలసింది మాత్రం హైదరాబాదు క్రికెట్ ఆటగాడు జయసింహ పటం! 2017లో వచ్చిన తన పుస్తకంలో ఆయనే రాసుకున్నారు. ఐ.ఐ.టి. పరీక్ష తప్పిన సంగతి కూడా దాచలేదు. మణిపాల్‌లో యింజనీరింగు చదివి, అమెరికా వెళ్లి, 1992లో మైక్రోసాఫ్టులో చేరారు.

మొదటి మలుపు 1994లో. అప్పటికే ఆయనకి గ్రీన్ కార్డు వుంది. దానికోసం మనవాళ్లు యెన్ని మొక్కులు మొక్కుతారో మీకు తెలుసు. కాని నాటి నిబంధనల ప్రకారం గ్రీన్ కార్డున్నవాడి భార్య దేశంలో అడుగు పెట్టాలంటే యేళ్ల తరబడి కాచుకోవాలి. తాత్కాలిక వీసా మీద పనిచేసేవాడి భార్య మాత్రం వెంటనే రావచ్చు. చట్టం తమాషా అది. అప్పుడాయన ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్లి గ్రీన్ కార్డు తిరిగి యిచ్చేసి, తక్కువ రకం వీసా తీసుకున్నారు. భార్య అనుపమగారిని తీసుకువెళ్లారు. ఆఫీసులో ‘గ్రీన్ కార్డు వదులుకున్నవాడు యితడే’ అని చెప్పుకున్నారట. హోదాలో ఒక మెట్టు దిగి, యింటిని నిలబెట్టుకోవడం అది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెతకి యింతకంటే టీక అక్కర్లేదు.

అక్కడే యింకో మాట చెప్పకపోతే లెక్క తప్పవుతుంది. 1996లో వాళ్లకి తొలి కొడుకు జైన్ పుట్టాడు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. అనుపమగారు వాస్తుశిల్పం చదివినవారు, మళ్లీ వుద్యోగానికి వెళ్లాలనుకున్నవారు. వెళ్లలేదు. బిడ్డతోనే వుండిపోయారు. ఆ బిడ్డ 2022లో కన్నుమూశాడు. భర్త యెదుగుదల గురించి వంద వ్యాసాలు వచ్చాయి. ఆ యింట్లో వ్యయం పద్దు యెవరి పేరున పడిందో వాటిలో చాలా భాగం ఒక్క వాక్యంలో దాటేస్తాయి. మన యిళ్లలో కూడా ‘మావాడికి ప్రమోషన్ వచ్చింది’ అని మిఠాయి పంచేటప్పుడు, ఆ ఖర్చు యెవరి ఖాతాలో రాస్తున్నామో ఒకసారి చూసుకోవాలి. ఉత్తరం రాసిన అమ్మగారి కోడలు అడిగింది సరిగ్గా ఆ ప్రశ్నే. అది విసుగు కాదు, జమాఖర్చు.

రెండో మలుపు 2007లో. నాదెళ్ల అప్పుడు వ్యాపార సంస్థలకి లెక్కల సాఫ్టువేరు తయారుచేసే విభాగంలో వున్నారు. దాని పెద్దరికం చేతికి వచ్చే సమయం. అధిపతి స్టీవ్ బామర్ పిలిచి, వెతుకులాట యంత్రం పని చూడమన్నారు. తర్వాత బింగ్ అని పేరు పెట్టినది అదే. గూగుల్ అప్పటికే అందనంత దూరం వెళ్లిపోయింది. ఆలోచించుకో, యిందులో ఓడిపోతే యీ కంపెనీలో నీకిదే ఆఖరి వుద్యోగం కావచ్చు, పట్టుకునే వల కూడా వుండదు అని బామర్ దాచకుండా చెప్పారట. ఆయన ఒక రాత్రి ఆ విభాగం మేడ దగ్గరికి వెళ్లి చూస్తే, అంత పొద్దుపోయినా కార్లు నిలిపే చోటు నిండుగా వుందట. ఓడిపోతున్నామని తెలిసి కూడా యింతమంది యిక్కడ యెందుకున్నారు? వీళ్లతో పనిచేస్తే యేదో నేర్చుకోవచ్చు అనుకుని ఒప్పుకున్నారు.

ఇందులో నాకు నచ్చింది ఆ కార్ల లెక్క. పైవాడు యిచ్చే ఆర్డరు కాగితం చూసి నిర్ణయించుకోలేదు. పనిచేసేవాళ్ల ముఖం చూసి నిర్ణయించుకున్నారు. ఆ విభాగం గూగుల్‌ని గెలవలేదు. కాని లక్షల యంత్రాలను ఒక్కతాటి మీద నడిపే విద్య అక్కడే పట్టుబడింది. తర్వాత అక్కరకు వచ్చింది ఆ విద్యే.

మూడో మలుపు 2011. సర్వర్ల విభాగం పెద్దరికం యిచ్చారు. అది బంగారు బాతు, పాతకాపు. అందులో ఒక మూల చిన్న మొక్కలాగా ‘క్లౌడ్’ అనే కొత్త వ్యాపారం. మేఘమంటే భయపడకండి, యిది నీళ్ల బేరంలాంటిది. ప్రతి యింటివాడూ సొంత బావి తవ్వుకునే బదులు, కొళాయి పెట్టించుకుని వాడినంతకే బిల్లు కట్టడం. 2024 వేసవిలో బోర్లెండి ట్యాంకరు కోసం బిందెలు పట్టుకు నిలబడ్డ మన మహదేవపురవాళ్లకి యిది విడమరిచి చెప్పక్కర్లేదు. బావులు తవ్వి బతికేవాళ్లకి కొళాయి అంటే కంటగింపే గదా! పాత వ్యాపారం వాళ్లు కొత్తదాన్ని చూసి అలాగే ముఖం చిట్లించారు. వారిని బతిమాలి, వాదించి, ఒప్పించి ఆ మొక్కకి నీళ్లు పోయడమే ఆయన చేసిన పని. కనుక పెద్ద పాత కుర్చీ యెప్పుడూ చెడ్డదని నేను అనను. అందులో కూర్చుని కొత్త మొక్కకి నీళ్లు పోసే స్వేచ్ఛ వుందా, లేక పాత గోడకి సున్నం వెయ్యడమేనా, అది చూసుకోవాలి.

పెత్తనం యెక్కడ ఆగిపోతుందో కూడా ఆయన కథలోనే వుంది. 2013లో నోకియా ఫోన్ల వ్యాపారం కొనే విషయం వచ్చినప్పుడు బామర్ తన కిందివారి అభిప్రాయం అడిగారు. నాదెళ్ల వద్దన్నారు. కొన్నారు. మరుసటి యేడు ఆయనే అధిపతి. వద్దన్న బేరం తాలూకు బరువంతా ఆయన నెత్తినే పడింది. 2014 జూలైలో 18,000 వుద్యోగాల దాకా తీసివేస్తామని ప్రకటించవలసి వచ్చింది. అందులో యెక్కువ భాగం నోకియా నుంచి వచ్చినవే. 2015లో ఆ బేరం కింద 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకున్నారు. రాజపూజ్యం వచ్చిన యేడే అవమానం పద్దు కూడా తెరుచుకుందన్నమాట. పైగా ఆ పద్దులో పెద్ద వాటా కట్టింది వుద్యోగాలు పోయిన వేలమంది. పెద్ద కుర్చీ యెక్కేవాడు తను చెయ్యని అప్పులకి కూడా సంతకం పెట్టాలి.

కుర్చీ యెలా వచ్చిందో కూడా వినండి. 2013 ఆగస్టులో బామర్ దిగిపోతానన్నారు. డైరెక్టర్లు నెలల తరబడి లోకమంతా గాలించారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు గదా! మీకు అధిపతి కావాలని వుందా అని అడిగితే, మీరు కావాలంటేనే అన్నట్టు జవాబిచ్చారట నాదెళ్ల. ఆ మాట అడిగినవాళ్లకి అంతగా రుచించలేదు కూడా. అయినా 2014 ఫిబ్రవరి 4న పెరటి చెట్టునే కోసుకున్నారు.

ఆ వినయం ముచ్చటగానే వుంది. కాని అందరికీ అది మందు కాదు. అదే యేడు అక్టోబరులో ఫీనిక్స్ నగరంలో కంప్యూటర్ రంగంలోని ఆడవాళ్ల సభ జరిగింది. జీతం పెంచమని అడగాలంటే జంకే ఆడవాళ్లకి యేం చెబుతారని అడిగారు. అడగడం ముఖ్యం కాదు, వ్యవస్థ తానే సరైన పెంపు యిస్తుందని నమ్మాలి, అడగకపోవడం మంచి కర్మ అన్నారాయన. వేదిక మీదనే వున్న మరియా క్లావే ఒప్పుకోలేదు. ఆవిడ అప్పట్లో ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకరు. అడగనందువల్ల తాను యెలా నష్టపోయిందీ అక్కడే చెప్పారు. సభ చూసినవాళ్లు మండిపడ్డారు. ఆయన అదే రోజు, నా జవాబు పూర్తిగా తప్పు, పెంపు న్యాయమనుకుంటే అడగాల్సిందే అని తన వుద్యోగులకి రాశారు.

మన యిళ్లలో పెరిగినవాళ్లందరికీ యీ జబ్బు కొంత వుంది. మంచిగా పనిచేస్తే వాళ్లే చూసి యిస్తారు, నోరు తెరిచి అడగడం నామోషీ అని పెంచాం. ఐ.టి.ఐ. గోడ మీద జాబితా వున్నంతకాలం ఆ మాట చెల్లింది. జాబితా లేని చోట అడగనివాడి కాగితం అడుక్కి పోతుంది. ఆడపిల్లలదయితే యింకా అడుక్కి పోతుంది.

అడగడమంటే యెలా అన్నదానికి మరీ దూరం పోనక్కర్లేదు. విశ్వేశ్వరయ్యగారి పూర్వులది గిద్దలూరు దగ్గర మోక్షగుండం. యింట్లో తెలుగే. బొంబాయి ప్రభుత్వంలో యింజనీరుగా యెంత పేరు తెచ్చుకున్నా, ఆ శాఖలో అన్నిటికంటే పై కుర్చీ భారతీయుడికి దక్కే ఆశ ఆ రోజుల్లో లేదు. 1908లో ఆ కొలువు వదిలేశారు. ఆ యేడే సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచింది. అక్కడ పని చక్కబెట్టడానికి వెళ్లారు. 1909లో మైసూరు సంస్థానం చీఫ్ యింజనీరు పదవి యిస్తామంది. ఆయన యెగిరి గంతెయ్యలేదు. పరిశ్రమలూ, సాంకేతిక విద్యా పెంచడానికి నాకక్కడ వీలుంటుందా అని ముందు అడిగి, వుంటుందని మాట వచ్చాకే ఒప్పుకున్నారు. జీతం యెంత అన్నది కాదు, చేతికి యే పని వస్తుందన్నది మొదటి ప్రశ్న. 1912లో దివాను అయ్యారు. 1918లో వుద్యోగాల కేటాయింపు విధానం మీద మహారాజుతో అభిప్రాయభేదం వచ్చి దిగిపోయారు. ఆ విషయంలో ఆయన పక్షమే సరైనదని నేను అనడం లేదు. ఒప్పుకోలేని పని చేస్తూ కుర్చీ పట్టుకు వేలాడలేదు, అంతవరకే నా మాట. యెక్కేముందు అడగడం, నిలవలేనప్పుడు దిగడం, రెండూ తెలిసినవాడే పెత్తనానికి తగినవాడు.

ఇక పెత్తనం చేతికి వచ్చాక దానితో యేం చెయ్యాలి? మైక్రోసాఫ్టులో చాలాకాలం ఒక పద్ధతి వుండేది. ప్రతి మేనేజరూ తన కిందివారిని వరసపెట్టి, అందరూ బాగా పనిచేసినా సరే, కొందరిని అడుగు వరసలో వెయ్యాలి. దాంతో పక్కవాడు పడిపోతేనే తను నిలుస్తానని ప్రతివాడూ అనుకునే పరిస్థితి వచ్చింది. 2013 నవంబరులో, అంటే నాదెళ్ల గద్దె యెక్కకముందే, దాన్ని యెత్తేశారు. అందుకు పూర్తిగా వ్యతిరేకమైన పాఠం ఆయన చిన్నప్పుడు హైదరాబాదు పబ్లిక్ స్కూలు క్రికెట్ జట్టులో నేర్చుకున్నారట. ఒకనాడు తన బౌలింగు చెడిపోతే, కెప్టెను బంతి తీసుకుని తాను వేసి వికెట్ పడగొట్టాడు. ఆ తర్వాత బంతి మళ్లీ యీయన చేతికే యిచ్చాడు. అప్పుడు తనకీ వికెట్లు పడ్డాయి. నువ్వు పనికిరావని పక్కన కూర్చోబెట్టే అధికారం ఆ కుర్రకెప్టెనుకి వుంది. వాడు ఆ అధికారంతో ఒకడి ధైర్యం నిలబెట్టాడు. ముప్ఫై యేళ్ల తర్వాత కూడా యీయనకి గుర్తున్నది ఆ ఒక్క బంతి.

ఇన్ని చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నాదెళ్ల ప్రమాదంలోకి దూకి గెలిచారు కనుక దూకినవాళ్లంతా గెలుస్తారని కాదు. 2007లో ఆయనలాగే కష్టమైన పని తీసుకుని, మునిగిపోయి, వూరూ పేరూ లేకుండా పోయిన మేనేజర్లు లోకంలో యెందరో వుంటారు. వాళ్లు పుస్తకాలు రాయలేదు. అందుచేత ఆయన ఫలితాన్ని అనుకరించకండి. లెక్క వేసిన తీరును మాత్రం తీసుకోండి.

అమ్మగారూ, యిప్పుడు మీ ప్రశ్నకి జవాబు. మీ అబ్బాయిని ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయమనండి.

ఆదాయం గడిలో జీతంతోబాటు, రెండేళ్లలో ఆ పని వల్ల చేతికి వచ్చే విద్య యేమిటో రాయమనండి. రేపు కంపెనీ పొమ్మన్నా వెంట వచ్చేది అదే. పాత సరుకును చూసుకునే పనిలో అది తక్కువని నా అనుమానం. తొమ్మిదిమంది పనిలో యెక్కువ వుండొచ్చు, కాని వాడు అడిగి తెలుసుకోవాలి.

వ్యయం గడి వాడొక్కడే నింపకూడదు. కోడలి పక్కన కూర్చుని నింపాలి. వారంలో యెన్ని రాత్రులు ఫోను, పిల్లల చదువు యెవరిది, ఆవిడకి రేపు మంచి అవకాశం వస్తే యెవరు తగ్గుతారు? ఆవిడ జీతం కూడా జీతమే.

రాజపూజ్యం గడిలో తలల లెక్క రాయవద్దు. మూడు ప్రశ్నలు రాయాలి. మనుషులను నేను తీసుకోగలనా? డబ్బు నేను ఖర్చు పెట్టగలనా? పైవాడు తప్పు చేస్తుంటే ‘కాదు’ అని చెప్పి యింకా ఆ కుర్చీలో వుండగలనా? వీటికి జవాబు వాడికి వాడు వూహించుకోవడం కాదు. విశ్వేశ్వరయ్యగారిలాగా ఒప్పుకోకముందే నోరు తెరిచి అడగాలి, వీలైతే రాతలో తీసుకోవాలి.

అవమానం గడిలో, ఆ పని మూతపడితే యేమవుతుందో రాయాలి. ఎన్ని నెలల యింటి ఖర్చు చేతిలో వుంది? బ్యాంకు వాయిదా యెంత? పని మూతపడితే తొమ్మిదిమందికి ముందుగా నిజం చెప్పే ధైర్యం వుందా? పాత సరుకు కుర్చీలో అయితే, రేపు రెండువందలమందిలో నలభైమందిని తీసెయ్యమని పైనుంచి జాబితా వస్తే, చదివి వినిపించవలసింది కూడా తనే. దానికి మనసు సిద్ధమా?

ఇవి నింపాక, అవమానం గడి యిల్లు ముంచేటంత లేకపోతే, రాజపూజ్యం మూడు ప్రశ్నల్లో రెండింటికైనా అవునని వస్తే, నా వోటు ఆ తొమ్మిదిమందికే. ఆర్నెల్ల యింటి ఖర్చు కూడా చేతిలో లేకపోతే రెండువందలమంది కుర్చీ తీసుకోమనండి, అందులో తప్పులేదు. ఇల్లు గడపడానికి కుర్చీ యెక్కినవాణ్ణి లోకం యెన్నడూ తక్కువగా చూడకూడదు.

మీ వారికి నా నమస్కారం చెప్పండి. ఆయన ఐ.టి.ఐ.లో వున్నప్పుడు తన కింద యెంతమంది వుండేవారో లెక్క అడగండి, వెంటనే చెప్పలేకపోవచ్చు. తన చేతికింద పని నేర్చుకుని పైకి వచ్చినవాళ్లు యెవరో అడగండి, యింటిపేర్లతో సహా చెబుతారు. ఆయన అసలు పెత్తనం అదే. కొడుక్కి కావలసిన సలహా కూడా అదే, ఆయనే ఆ మాట చెబితే యింకా బాగుంటుంది.

మిగిలిన చదువరులు కూడా యిలాంటి చిక్కుముళ్లు వుంటే రాయండి. కచేరీ చిన్నదైనా పెద్దదైనా, గళ్లు నాలుగే.